పటాలం నుంచి తిరిగొచ్చాక: మాధవరం కుర్రాళ్ల సంపాదన కథ

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెంలో ఆటో ఎక్కి మాధవరం అంటే డ్రైవరు వెంటనే అడిగే మాట ఒకటుంది: మిలిటరీ మాధవరమేనా? ఆ ఊరి పేరుకు ముందు మిలిటరీ ఇంటిపేరులా అతుక్కుపోయింది. ఊళ్లో అమరవీరుల స్మారకం ఉంది. సుబేదారు వెంపల్లి వెంకటాచలం విగ్రహం ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు రావు బహదూర్ బిరుదు ఇచ్చింది. ఆ వీధుల్లో ఇంటికొక్కరైనా పటాలంలో పనిచేసినవాళ్లో, ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లో కనిపిస్తారు.

 

మాధవరం పుట్టుక గురించి ఊళ్లో చెప్పుకునే కథ 17వ శతాబ్దం నాటిది. పూసపాటి వంశానికి చెందిన మాధవవర్మ దగ్గర్లోని అరుగొలనులో కోట కట్టుకుని, దాని కాపలాకు ఉత్తరాంధ్ర నుంచి సైనిక కుటుంబాలను తెచ్చి ఇక్కడ కాపురం పెట్టించాడట. కోట పోయింది. కాపలా కుటుంబాలు మిగిలాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ ఊరి నుంచి 90 మంది, రెండో ప్రపంచ యుద్ధానికి 1,110 మంది వెళ్లారని ఊరివాళ్లు లెక్క చెబుతారు. ఒక్క ఊరి నుంచి అంతమంది!

వాళ్ల శౌర్యం గురించి చాలామంది రాశారు, రాయాల్సిందే. నాకు మాత్రం ఆ 1,110 అంకె చూసినప్పుడల్లా వేరే ప్రశ్న మనసులో మెదులుతుంది. యుద్ధం ముగిశాక వాళ్లలో బతికి వచ్చినవాళ్లు ఏం చేసి బతికారు? పద్దెనిమిదేళ్ల ప్రాయంలో తుపాకీ పట్టినవాడు ముప్పయ్యో ఏట, నలభయ్యో ఏట ఎంత సంపాదించాడు? వెళ్లకుండా ఊళ్లోనే ఉండిపోయిన వాడి ఈడువాడితో పోలిస్తే పైకొచ్చాడా, వెనకబడ్డాడా?

ఇక్కడొక మాట చెప్పాలి. భారతీయులను చట్టం పెట్టి సైన్యంలోకి లాగిన రోజు లేదు. 1917లో ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ చట్టం సైనిక సేవను నిర్బంధం చేసింది ఇక్కడున్న యూరోపియన్లకే. 1940లోనూ అలాంటి చట్టమే, వాళ్లకే. రెండో యుద్ధంలో చేరిన దాదాపు 25 లక్షల మంది భారతీయులు కాగితం మీద స్వచ్ఛందంగా చేరినవాళ్లే. మన రాజ్యాంగంలోని 23వ అధికరణ ప్రజాప్రయోజనం కోసం నిర్బంధ సేవ విధించే వీలును రాజ్యానికి ఉంచింది గానీ, సైన్యం కోసం దాన్ని ఎన్నడూ వాడలేదు. అయితే మాధవరంలో పుట్టిన మగపిల్లాడికి ఆనవాయితీ అనే మరో నిర్బంధం ఉంది. తాత వెళ్లాడు, నాన్న వెళ్లాడు, బాబాయి సెలవుకొచ్చి ట్రంకు పెట్టె తెరిచాడు. ఇక ఆ పిల్లాడికి మరో దారి కనిపిస్తుందా? దానికి తోడు ఖాళీ జేబు పెట్టే నిర్బంధం ఒకటి.

తెలుగువాడికి ఈ కొలువు కొత్తది కాదు. ఈస్టిండియా కంపెనీ సిపాయిలను బెంగాలులో తెలంగా అని పిలిచేవారంటే మనవాళ్లు ఎందరు చేరి ఉంటారో ఊహించుకోవచ్చు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లను ఓడించిన కర్నల్ ఫోర్డ్, రాజమండ్రి మీదుగా ఏలూరు చేరి, అక్కణ్ణుంచి బందరు మీదికి వెళ్లి 1759 ఏప్రిల్‌లో కోట పట్టుకున్నాడు. ఆ నడకలో సిపాయిలు ఉన్నారు, విజయనగరం రాజు ఆనంద గజపతి బలగం ఉంది. 1780 అక్టోబరులో విశాఖపట్నంలో సిపాయిలు ఓడ ఎక్కి మద్రాసు వెళ్లబోమని తిరగబడ్డారు. అంటే కొలువు కోరినవాళ్లే దానికి హద్దు కూడా గీశారన్నమాట.

19వ శతాబ్దం చివర్లో వీళ్ల నోటి దగ్గర కూడు లాగేసినంత పని జరిగింది. లార్డ్ రాబర్ట్స్ మొదట మద్రాసు సైన్యానికి, 1885 నుంచి 1893 దాకా మొత్తం భారత సైన్యానికి అధిపతి. యుద్ధజాతులు కొన్నే ఉంటాయనీ, దక్షిణాదివాళ్లు పోరాటానికి పనికిరారనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకమే విధానమైంది. పంజాబీలకు, గూర్ఖాలకు తలుపులు బార్లా తెరుచుకున్నాయి, తెలుగువాళ్లకు దాదాపు మూసుకుపోయాయి. ఒక అధికారి అభిప్రాయం వల్ల ఎన్ని ఇళ్లలో తండ్రి చేసిన పని కొడుక్కి లేకుండా పోయిందో ఏ పుస్తకంలోనూ లెక్క లేదు. ఈ అన్యాయం గురించి మన చరిత్ర పాఠాల్లో ఒక్క పేరా అయినా ఉండాలని నా కోరిక.

1914లో యుద్ధం వచ్చాక రాబర్ట్స్ సిద్ధాంతాన్ని కొంత సడలించక తప్పలేదు. మనుషులు కావాలి. మాధవరం నుంచి 90 మంది వెళ్లింది అప్పుడే. సిపాయి నెల జీతం 11 రూపాయలు.

ఆ పదకొండు రూపాయలు ఎక్కువా, తక్కువా? పక్క పొలంలో పనిచేసేవాడిని చూస్తేనే తెలుస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో భూమి ఉన్నవాడి దశ తిరిగింది. భూమి లేనివాడికి మాత్రం కాలవ నీళ్లు కూలి పనిగానే అందాయి. పాలేరుకు ఏటికోసారి ధాన్యం కొలిచేవారు, రొక్కం అతని కంట పడడమే అరుదు. అలాంటి ఇంటికి నెలనెలా పోస్టుమన్ మనియార్డరు తెచ్చి ఇస్తే దాంతో అప్పు తీరుతుంది, ఆడపిల్ల పెళ్లి జరుగుతుంది, కలిసొస్తే అరెకరం కొనుక్కోవచ్చు. కాబట్టి మొదటి యుద్ధం నాటి మాధవరం కుర్రాడు పటాలంలో చేరి నష్టపోయాడని నేను అనుకోను. ప్రాణంతో తిరిగొస్తే.

రెండో యుద్ధం లెక్క ఇంత సులువు కాదు. 1930ల ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి గోదావరి రైతే కుదేలయ్యాడు, ఇక కూలీ సంగతి చెప్పేదేముంది? యుద్ధం మొదలయ్యాక పటాలంలో చేరేందుకు కుర్రాళ్లు బారులు తీరారంటే ఆ లేమి కూడా ఒక కారణం. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కింది, బర్మా బియ్యం ఆగిపోయింది. ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. తాడేపల్లిగూడెం శివార్లలో యుద్ధ విమానాల కోసం రన్‌వే వేశారు. ధరలు చుక్కలనంటాయి. సిపాయి జీతం 18 రూపాయలకు చేరినా, అతను పంపిన మనియార్డరుతో ఇంట్లో కొనే బియ్యం తగ్గింది. అదే సమయంలో ధాన్యం అమ్ముకోగలిగిన రైతు మాత్రం గట్టెక్కాడు. ఇల్లు నిలబెడదామని కొడుకు బర్మా సరిహద్దులో ఉన్నాడు, ఆ యుద్ధమే ఇంట్లో కుండ ఖాళీ చేసింది.

యుద్ధం ముగిసింది. 25 లక్షల మందిని అలాగే మేపడం ఏ ప్రభుత్వానికీ కుదరదు. 1945 చివరి నుంచి మూడు నాలుగేళ్ల సర్వీసుతోనే లక్షల మందిని ఇళ్లకు పంపేశారు. కొద్దిపాటి సర్వీసుకు పెన్షన్ లేదు. చేతిలో కొంత డబ్బు, ఒక డిశ్చార్జి పుస్తకం, ఒక ట్రంకు పెట్టె. వాళ్ల తర్వాతి బతుకు మూడు దారులు పట్టిందని నా పరిశీలన. లారీ నడపడం, ఇంజను విప్పి బిగించడం నేర్చినవాడికి వెంటనే పని దొరికింది. మిలిటరీ లారీలు వేలానికి వచ్చిన రోజులవి, స్టీరింగ్ పట్టగలిగినవాడికి గిరాకీ ఉండేది. చదవడం, రాయడం పటాలంలో నేర్చినవాడు ప్యూనుగానో, పోలీసుగానో, రైల్వేలోనో కుదురుకున్నాడు. తుపాకీ పేల్చడం మాత్రమే నేర్చినవాడు మళ్లీ పొలం గట్టు మీదికే వచ్చాడు. ముగ్గురూ ఒకే రోజు చేరినవాళ్లే కావచ్చు, వేసుకున్నదీ ఒకే యూనిఫాం.

చదువు సంగతి ఊహ కాదు. మొదటి యుద్ధంలో ఎక్కువమంది చేరిన పంజాబీ వర్గాల్లో ఆ తర్వాత అక్షరాస్యత పెరిగిందని ఆర్థికవేత్త ఒలివర్ వాండెన్ ఐండ్ జనాభా లెక్కలతో చూపించాడు. బడి లేని ఊళ్లకు పటాలమే బడి అయిందన్నమాట. మాధవరం గురించి అలాంటి పరిశోధన ఎవరైనా చేస్తే బాగుండును.

ఇలాంటి లెక్క తీయడంలో పెద్ద చిక్కుంది. సైన్యంలో పనిచేసినవాడి సంపాదననూ చేయనివాడి సంపాదననూ పక్కపక్కన పెట్టి తేడా చూస్తే చాలదా అనిపిస్తుంది. చాలదు. సైన్యం ఎత్తు, ఛాతీ, కంటిచూపు చూసి, పరిగెత్తించి మరీ ఏరుకుంటుంది. అలా ఏరుకున్నవాడు సైన్యానికి వెళ్లకపోయినా నలుగురికన్నా బాగానే సంపాదించేవాడేమో! పైగా ఇంట్లో ఇబ్బంది లేనివాడు చాలాసార్లు అసలు వెళ్లనే వెళ్లడు. అప్పుడు మనం కొలుస్తున్నది సైన్యం ప్రభావమా, ఆ మనిషి స్వభావమా, ఇంటి పరిస్థితా?

ఈ ముడి విప్పే అవకాశం అమెరికాలో తలవని తలంపుగా దొరికింది. వియత్నాం యుద్ధం నడుస్తుండగా 1969 డిసెంబరు 1న అక్కడి ప్రభుత్వం ఒక గాజు జాడీలో 366 గొట్టాలు వేసింది. ఒక్కోదానిలో సంవత్సరంలోని ఒక తేదీ. 1944 నుంచి 1950 లోపు పుట్టిన యువకుల పుట్టినరోజులు ఏ వరుసలో బయటికొస్తే ఆ వరుసలో పిలుపు. మొదట వచ్చిన తేదీ సెప్టెంబరు 14. 1970లో 195వ సంఖ్య దాకా పిలుపు వెళ్లింది, తర్వాత సంఖ్యలవాళ్లు బయటపడ్డారు. పుట్టినరోజుకూ తెలివితేటలకూ, పుట్టినరోజుకూ తండ్రి ఆస్తికీ సంబంధమేముంది? కాబట్టి చీటీ తగిలిన గుంపూ తగలని గుంపూ తక్కిన అన్ని విషయాల్లో ఒక్కలాంటివే. తర్వాత వాళ్ల సంపాదనలో తేడా వస్తే దానికి కారణం సైన్యమే.

జాషువా ఆంగ్రిస్ట్ అనే ఆర్థికవేత్త ఈ చీటీలను సామాజిక భద్రత శాఖ సంపాదన రికార్డులతో జతచేసి 1990లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆ యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసిన తెల్లవాళ్లు, 1980ల తొలినాళ్లలో, అంటే తిరిగొచ్చి చాలా ఏళ్లయ్యాక కూడా, వెళ్లనివాళ్లకన్నా సుమారు 15 శాతం తక్కువ సంపాదిస్తున్నారు. నల్లవాళ్ల విషయంలో అంత స్థిరమైన నష్టం కనిపించలేదు. ఆ 15 శాతానికి ఆంగ్రిస్ట్ చెప్పిన కారణం మన పల్లెవాడికీ అర్థమవుతుంది: వాడు పటాలంలో ఉన్న రెండేళ్లలో వాడి ఈడువాడు ఉద్యోగంలో రెండు మెట్లు ఎక్కాడు. ఇరవయ్యో ఏట పోయిన అనుభవం నడిమి వయసు దాకా వెంటాడింది. దశాబ్దాల తర్వాత ఆంగ్రిస్టూ మరో ఇద్దరూ అదే లెక్కను మళ్లీ తీస్తే, యాభయ్యో ఏడు వచ్చేసరికి ఆ తేడా దాదాపు చెరిగిపోయిందని తేలింది. యాభయ్యో ఏడు! అప్పటికి పిల్లల చదువులు, ఇల్లు కట్టుకునే వయసు అన్నీ దాటిపోయాయి. 2021లో ఆంగ్రిస్ట్‌కు నోబెల్ వచ్చింది ఇలా లోకంలో వాటంతటవే జరిగిన ప్రయోగాల నుంచి కార్యకారణాలు తేల్చే పద్ధతికే.

ఇదొక్కటే చదివి సైన్యం అంటే నష్టమే అనుకోవద్దు. నెదర్లాండ్స్‌లో నిర్బంధ సేవ చేసినవాళ్లు పదేళ్ల తర్వాత సుమారు 5 శాతం తక్కువ సంపాదిస్తున్నారని ఒక పరిశోధన చెబితే, పోర్చుగల్‌లో డేవిడ్ కార్డ్, అనా రూట్ కార్డోసో చేసిన పరిశోధన మరో ముఖం చూపింది. ప్రాథమిక విద్యతో ఆగిపోయిన కుర్రాళ్లకు నిర్బంధ సైనిక సేవ తర్వాత జీతం 4 నుంచి 5 శాతం పెరిగింది. ఎక్కువ చదివినవాళ్లకు తేడా ఏమీ లేదు. చదువూ పనీ దొరకనివాడికి పటాలం మెట్టు అవుతుంది, దారి ఉన్నవాడికి అది దారిలో ఆగుడు. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే మాధవరం నూరేళ్ల కథ అర్థమవుతుంది.

నిర్బంధ సేవ అంటే ఎలా ఉంటుందో తెలిసిన తెలుగువాళ్లు లేకపోలేదు. సింగపూర్‌లో 1967 నుంచి జాతీయ సేవ తప్పనిసరి. అక్కడ పౌరసత్వం ఉన్న తెలుగు కుటుంబాల కొడుకులే కాదు, శాశ్వత నివాసం తీసుకున్నవాళ్ల కొడుకులు కూడా తగిన వయసు రాగానే సుమారు రెండేళ్లు యూనిఫాం వేసుకోవాలి. ఆ తర్వాతా ఏటా కొన్ని రోజులు పిలుపు వస్తుంది. అయితే అక్కడ అందరూ వెళ్తారు. ఈడువాళ్లందరూ కలిసే రెండేళ్లు ఆలస్యమైతే ఒకడు మరొకడికి వెనకబడేది తక్కువ. మాధవరంలో అలా కాదు. ఒకడు వెళ్తాడు, పక్క ఊరివాడు ఉండిపోతాడు.

స్వాతంత్ర్యం తర్వాతి దశాబ్దాల్లో మన సైనికుడి సర్వీసు క్రమంగా పెరిగింది. పదిహేనేళ్లు పూర్తయితే పెన్షన్ అనేది స్థిరపడ్డాక మాధవరం ముఖం మారింది. పద్దెనిమిదో ఏట చేరి ముప్పయ్యయిదో ఏట నాయక్‌గానో, హవల్దారుగానో రిటైరై వచ్చేవాడు. నెలనెలా పెన్షన్, క్యాంటీన్ సరుకులు, ఆసుపత్రి సౌకర్యం. పైగా రెండో ఉద్యోగానికి వయసు మిగిలే ఉంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల్లో 10 శాతం, ప్రభుత్వ బ్యాంకుల క్లరికల్ పోస్టుల్లో 14.5 శాతం మాజీ సైనికులకు కేటాయించారు. పది పాసై పదిహేనేళ్లు పనిచేసినవాడిని కొన్ని పోస్టులకు డిగ్రీ ఉన్నవాడితో సమానంగా చూస్తారు. ఆ ఊళ్లో మేడలు లేపింది యుద్ధం కాదు, ఈ పెన్షనూ రెండో ఉద్యోగమూ.

ఇందులోనూ నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. బెంగళూరులో మద్రాస్ సాపర్స్ అనే ఇంజినీరింగ్ దళం దగ్గరో, సికిందరాబాద్‌లో సైనిక యంత్రాల మరమ్మతు విభాగమైన ఈఎంఈ దగ్గరో పదిహేనేళ్లు యంత్రాలతో పనిచేసినవాడు తిరిగొచ్చి ఏటీఎం ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం మనం రోజూ చూస్తున్నాం. కాపలా ఉద్యోగం చిన్నదని నేననను. ట్యాంకు ఇంజను బాగుచేయగల చేతులను లాఠీ పట్టుకోమనడం మాత్రం ఆ మనిషికీ నష్టం, దేశానికీ నష్టం. పటాలంలో నేర్చిన పనికి బయట విలువ కట్టే కాగితం సరిగా లేకపోవడమే దీనికి మూలం.

ఇక ఊళ్లో ఉండిపోయినవాడిని మరచిపోకూడదు, ఎందుకంటే కొలబద్ద అతనే. ఆ కొలబద్ద పొడవు కాలంతో మారుతూ వచ్చింది. 1980ల్లో కొల్లేరు సరస్సు చుట్టూ చేపల చెరువులు లేచాయి. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు ఎకరాల కొద్దీ మాగాణి చెరువైపోయింది, డబ్బు వరదలా వచ్చింది. అప్పుడు సియాచిన్‌లోనో రాజస్థాన్ ఎడారిలోనో ఉన్న మాధవరం జవాను, సెలవుకొచ్చి ఈడువాడి కారు చూసి, తాను తప్పు చేశానా అనుకునే ఉంటాడు. ఆ తర్వాత 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. 2006లో ఐదో కాంటూరు, అంటే అభయారణ్యానికి హద్దుగా పెట్టుకున్న ఎత్తు గీత, లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. అప్పు చేసి చెరువు తవ్వినవాడు రోడ్డున పడ్డాడు. మాధవరంలో పెన్షన్ మాత్రం నెల మొదట్లో ఠంచనుగా పడింది. కాబట్టి సంపాదన ఎంత అన్నదొక్కటే అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. ఎన్నాళ్లు, ఎంత నమ్మకంగా అన్నది మిగతా సగం.

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ సైనిక నియామక పథకం కదిపింది సరిగ్గా ఈ రెండో సగాన్నే. సర్వీసు నాలుగేళ్లు. జీతం మొదటి ఏడు నెలకు 30,000, నాలుగో ఏడు 40,000. అందులో 30 శాతం సేవానిధికి పోతుంది, ప్రభుత్వం అంతే కలుపుతుంది, బయటికి వచ్చేటప్పుడు వడ్డీతో సుమారు 11.71 లక్షలు చేతికిస్తారు. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. నూటికి 25 మందినే ఉంచుకుంటారు. మూడు రోజులకే సికిందరాబాద్ స్టేషన్ రణరంగమైంది, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ర్యాలీ పాసై, రాతపరీక్ష కోసం ఎదురుచూస్తూ వయసు దాటిపోతున్న పిల్లల కోపం అది.

నా మాట సూటిగా చెబుతాను. ఈ పథకంలో చేరిన అగ్నివీరుడికి నాలుగేళ్లలో వచ్చే డబ్బు తక్కువేం కాదు. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఆ జీతం, ఆ మూట ఈ జిల్లాలో మరోచోట సులువుగా దొరకవు. కానీ ఇది 1945 నాటి మాధవరానికి తిరిగి వెళ్లడమే: కొద్ది సర్వీసు, కొంత రొక్కం, చేతిలో కాగితం, ఇంటికి రైలు. ఇరవై రెండో ఏట తిరిగొచ్చేసరికి, ఇంటర్‌లో పక్కన కూర్చున్నవాడు డిగ్రీ పట్టా తీసుకుని ఉంటాడు. యుద్ధకాలంలో రన్‌వే వేసిన తాడేపల్లిగూడెం భూముల్లో ఇవాళ ఎన్ఐటీ ఉంది. పోటీ ఆ గోడ అవతలివాళ్లతో. సైన్యంలో నేర్చిన దానికి సగం క్రెడిట్లు కట్టి డిగ్రీ ఇస్తామని ఇగ్నో ద్వారా ఏర్పాటు చేశారు, కేంద్ర సాయుధ బలగాల్లో 2022లో 10 శాతం రిజర్వేషన్ ప్రకటించారు. ఇవి కాగితం మీద నిలిచిపోతే అమెరికా లెక్కే మన లెక్క అవుతుంది. ప్రతి కుర్రాడి చేతికీ ఎలక్ట్రీషియన్ అనో, డీజిల్ మెకానిక్ అనో బయటి యజమాని గుర్తించే సర్టిఫికెట్ పెడితే పోర్చుగల్ లెక్క అవుతుంది. నాలుగేళ్లూ అవే, యూనిఫాం అదే. తేడా అంతా తిరిగొచ్చిన రోజున ఎదురుగా ఏముందన్న దానిలోనే ఉంది. 1945లో ఆ పని చేయలేదు. ఈసారి చేయకపోతే తప్పు మనదే.

మొదటి అగ్నివీరుల నాలుగేళ్లు 2026 చివర, 2027 మొదట్లో నిండుతాయి. వాళ్లలో మన జిల్లా పిల్లలు ఎందరో ఉంటారు. వాళ్ల తొలి ఉద్యోగం ఏది, తొలి జీతమెంత అన్నది ఊరూరా ఎవరో ఒకరు రాసిపెట్టాలి. తాతల విషయంలో అది జరగలేదు కనుకనే 1,110 మంది బతుకుల గురించి ఇవాళ ఇంత తడుముకుంటున్నాం.

అందుకని మాధవరం, అరుగొలను, తాడేపల్లిగూడెం, ఏలూరు పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంటి అటక మీద పాత ట్రంకు పెట్టె ఉంటే ఒకసారి దించండి. తాతగారి డిశ్చార్జి పుస్తకం, పే బుక్కు, మనియార్డరు రసీదులు ఉంటే పారేయకండి, చెదలు పట్టనివ్వకండి. ఆయన ఏ ఏడు చేరారు, ఏ ట్రేడు, ఏ ఏడు తిరిగొచ్చారు, వచ్చాక మొదట చేసిన పని ఏది, ఎంత వచ్చేది, ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి ఒక కాగితం మీద రాసిపెట్టండి.